చిమ్నీ కింద సిలువ

ఆ ఆదివారం తెల్లవారుజామున పడవలో ఉన్నవి ఇవి. మనుషులు ముగ్గురు: పడవ యజమాని అన్న, ఆయన బావమరిది, నేను. తొమ్మిది గుర్రాల ఇంజను ఒకటి. లంగరు ఒకటి. గాలపు తాళ్లు నాలుగు. ఎరకు బుట్టెడు చిన్న కవళ్ల చేపలు. మూత సరిగా పడని ఐసు పెట్టె. చద్దన్నం క్యారియరు, నీళ్ల క్యాను. నావైతే సెకండ్ హ్యాండ్ కెమెరా, లెన్సులు రెండు, ఉప్పు గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లు మూడు, వాంతుల మాత్రలు ఆరు. ఇవి కాక, జేబులోని ఫోనులో నా ఫోటోల పేజీ ఉంది. దానికి ఆ రోజు ఫాలోవర్లు 143 మంది.

ఆ నూటనలభై ముగ్గురి వివరం కూడా నా దగ్గర ఉండేది. కాలేజీ బ్యాచ్‌వాళ్లు 61. చుట్టాలు 38. ప్లాంటులో తోటి ఉద్యోగులు 22. తిరిగి తమను ఫాలో అవుతానని ఆశపడిన పెళ్లి ఫోటోగ్రాఫర్లు 9. మనిషో యంత్రమో తేలనివాళ్లు 12. మిగిలిన ఒక్కటీ నా రెండో ఖాతా.

నేను ముత్తుకూరు దగ్గర థర్మల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తాను. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడడం నా పని. మాది కోవూరు. వరి మళ్లున్న ఇల్లు కాబట్టి నీళ్లంటే మడమల దాకా ఉండేవే నాకు తెలుసు. ఉద్యోగానికి వచ్చాకే సముద్రాన్ని రోజూ చూడడం, చూసి ఫోటోలు తీయడం మొదలైంది. ఎనిమిది నెలల్లో 94 ఫోటోలు పెట్టాను. ప్రతి ఫోటోకూ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస: పెట్టిన సమయం, విషయం, లెన్సు, ట్యాగులు, లైకులు. ఫలితం ఇలా ఉంది. సూర్యోదయాలు 31, వాటికి సగటున 19 లైకులు. ప్లాంటు గేటు దగ్గర ఎవరిదో హెల్మెట్‌లో తల పెట్టి నిద్రపోయిన కుక్క ఒకటి, దానికి 88. ఎనిమిది నెలల నా కష్టాన్ని ఒక కుక్క నిద్రలో గెలిచేసింది.

ఈ ఫోటోలను మొదటిసారి సరిగా విమర్శించింది గేటుకెదురుగా రోడ్డు పక్కన చేపలమ్మే అక్క. ఒక సాయంత్రం తూకం వేస్తూ నా ఫోను అడిగి తీసుకుని, తడి వేలితో పైకీ కిందికీ జరిపింది.

"ఏంది సారూ, అన్నిట్లో సూర్యుడేనా?"

"ఉదయం వెలుతురు బాగుంటుందక్కా."

"ఆయన రోజూ వస్తాడు గదా. రోజూ వచ్చేవాడిని ఎవురు చూస్తారు? మా ఆయన పడవెక్కు. రోజూ రానిది అగపడతాది."

అలా ఆమె భర్త పరిచయమయ్యాడు. ఆమె అక్క, ఆయన అన్న. వరస ప్రకారం ఇది తప్పు. ఇద్దరిలో ఒకరు బావో వదినో కావాలి. ఈ లోపం మా ముగ్గురికీ తెలుసు, ఎవరూ దిద్దలేదు.

పడవ నీళ్లలోకి దిగేముందు అన్న ఇసుకలో గొంతుక్కూచుని ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"అబ్బయ్యా, ఫోటోలు ఎన్నైనా తీసుకో. నన్ను తియ్యి, చేపను తియ్యి, మా బావమరిది మొహాన్ని నీ కెమెరా తట్టుకుంటే అదీ తియ్యి. మా రాళ్లు యాడుండాయో మాత్రం బయటికి పోగూడదు."

ఆ రాళ్లు నీళ్ల అడుగున ఉంటాయి. చుట్టూ ఇసుకా బురదా ఉన్నచోట ఒక రాళ్ల గుట్ట ఉంటే చేప దాన్ని పట్టుకుని బతుకుతుందట. ముప్పై ఏళ్ల కిందట అన్నవాళ్ల నాయన లంగరు ఇరుక్కుని అది దొరికింది. ఆయన కొడుక్కు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"మా ఇంటికి ఆస్తంటే అదే. పట్టా లేని ఆస్తి," అన్నాడు అన్న. "ఒక్క పడవే ఆడికి పోతే ఏడాదంతా బతుకుతాం. పది పడవలొచ్చినాయంటే నెల తిరక్కుండా ఊడ్చి పెడతారు."

"మీ పడవలో జీపీఎస్ లేదా అన్నా?"

"మిషన్లో పెడితే మిషను చూసినోడికల్లా తెలిసిపోద్ది."

నాకు ఆ మాట నచ్చింది. సమాచార భద్రత గురించి మా కాలేజీలో ఎవరూ అంత చిన్న వాక్యంలో చెప్పలేదు.

గంటకు పైగా పోయాక అన్న ఇంజను తగ్గించి పడవలో లేచి నిలబడ్డాడు. ఒడ్డు వైపు తిరిగి ఒకసారి ఇటు, ఒకసారి అటు కన్నార్పకుండా చూశాడు. ఒడ్డున వాళ్ల పాళెంలో చర్చి ఉంది, దాని మీద తెల్లటి సిలువ. వాళ్లింట్లో చర్చికి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. అయినా పని మొదలుపెట్టే ముందు అన్ని దేవుళ్లకూ దండం పెట్టుకుంటున్నాడు కాబోలు, ఎంత మంచి అలవాటు, అనుకున్నాను. తర్వాత ఆయన "ఎయ్" అన్నాడు, బావమరిది లంగరు వేశాడు.

ఆ ఉదయం ఫోటోలు బాగా వచ్చాయి. సూర్యుడు నా వెనకనుంచి లేచి ఒడ్డంతా పసుపు పూశాడు. గాలానికి వంజరం చేప పడి పైకి లేచినప్పుడు అన్న చేతులు మోచేతుల దాకా మెరిశాయి. పెద్ద లెన్సు దూరంగా ఉన్న ఒడ్డును దగ్గరకు లాక్కొచ్చి ఆయన భుజం వెనక నిలబెట్టింది. నేను పనిచేసే ప్లాంటు చిమ్నీల్లో ఎత్తైనది, దాని కింద సరిగ్గా మధ్యలో సిలువ. సిలువలోంచి చిమ్నీ మొలిచినట్టుంది. అంత పొందికైన ఫోటో నేను అంతకుముందు తీయలేదు. ఇంకో దాంట్లో బావమరిది తాడు లాగుతున్నాడు, వెనక పాళెం నీళ్ల ట్యాంకు, ట్యాంకు నడినెత్తిన, దాని వెనకెక్కడో ఉన్న మొబైల్ టవరు. మాత్రలు ఐదు అయిపోయాయి. ఆరోది అన్న వేసుకున్నాడు, ఎలా ఉంటుందో చూద్దామని.

తర్వాత ఇంజనీరుకు రహస్యం అప్పగిస్తే ఏం చేస్తాడో అదంతా చేశాను. ఫోటో ఫైళ్ల లోపల దాక్కుని ఉండే తేదీ, సమయం, చోటు వివరాలు చెరిపేశాను. పడవ నంబరు కనబడకుండా అంచు కత్తిరించాను. పాళెం పేరు రాయలేదు. ఫోనులో లొకేషన్ ఆపాను. ఆదివారం తీసినవి బుధవారం సాయంత్రం దాకా పెట్టలేదు. మొత్తం ఐదు జాగ్రత్తలు. ఆ రాళ్ల సంగతి ప్రపంచంలో ఏ కంప్యూటరూ కనిపెట్టలేదని నాకు నమ్మకం కలిగింది. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. ఏ కంప్యూటరూ కనిపెట్టలేదు.

ఐదు ఫోటోలు పెట్టాను. గురువారం ఉదయం తీరప్రాంతాల ఫోటోలు పంచే ఒక పెద్ద పేజీవాళ్లు వాటిని తీసుకుని తమ గోడ మీద పెట్టారు. ఆ తర్వాత జరిగినదానికి నా స్ప్రెడ్‌షీట్‌లో గడులు చాలలేదు. కంట్రోల్ రూములో బల్ల కింద ఫోను పట్టుకుని ఫాలోవర్ల అంకె పెరగడం చూస్తున్నాను. పక్కనున్న సీనియర్ బాయిలర్ ప్రెషర్ ఎంతుందని అడిగాడు. "ఏడు వేల రెండొందలు," అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

శనివారానికి 9,612 అయ్యారు. కామెంట్లు వందల్లో వచ్చాయి. ఎక్కువ భాగం నిప్పు బొమ్మలు, గుండె బొమ్మలు. వాటి మధ్య ఒక్కటి మాత్రం నన్ను ఆపింది. రాసినవాడి పేరు స్థానంలో ఏవో అంకెలు, మొహం స్థానంలో ఒక పడవ, దాని ముక్కు మీద పసుపు చిలక బొమ్మ.

"ఫోటోలు బాగుండాయి తమ్ముడా. మొదటి దాంట్లో చిమ్నీ కింద సరిగ్గా సిలువ. నాలుగో దాంట్లో ట్యాంకు నెత్తిన టవరు. బాగా అర్థమైంది. థ్యాంక్స్."

నాకు కళ్లు చెమర్చినంత పనైంది. తొమ్మిది వేల మందిలో ఒక్కడు నా పొందికను పట్టుకున్నాడు. అదీ రెండు ఫోటోల్లోనూ. "మీలాగా చూసేవాళ్లు అరుదు సర్," అని జవాబిచ్చి, దండం బొమ్మ పెట్టి, ఆ కామెంటు అందరికీ ముందుగా కనబడేలా అన్నిటికన్నా పైన పిన్ చేశాను.

మరుసటి ఆదివారం మళ్లీ అన్న పడవలో ఉన్నాను. ఈసారి మాత్రలు పది. నా అంకె చెబితే అన్న, "అంతమంది యాడ కూచుని చూస్తార్రా?" అని నవ్వాడు. బావమరిది నన్ను కెమెరా సారు అని పిలవడం మొదలుపెట్టాడు. రాళ్ల దగ్గరకు వస్తుండగా ఇద్దరి నవ్వులూ ఒకేసారి ఆగిపోయాయి.

అక్కడ ఏడు పడవలున్నాయి.

అన్నీ పక్క పాళేనివి. లంగర్లు వేసి, తాళ్లు దించి, పెళ్లి పందిట్లో కూచున్నట్టు కూచున్నారు. చివరి పడవ ముక్కు మీద పసుపు చిలక ఉంది. అందులో ఒక పెద్దాయన నా కెమెరా చూసి చెయ్యి ఊపాడు. ఇంకో పడవలోంచి ఎవరో కేకేశారు.

"అన్నా, నీ ఫోటోలు సూపరు! మేమంతా ఫాలో అవుతాండాం!"

ఇంకొకడు సెల్ఫీ కావాలన్నాడు. జీవితంలో మొదటిసారి నన్నొకరు సెల్ఫీ అడిగారు. నేను దిక్కుతోచక అన్న వైపు చూశాను. అన్న వాళ్లనూ నన్నూ చూడలేదు, ఒడ్డును చూస్తున్నాడు. కాసేపటికి నా భుజం పట్టుకుని ఒడ్డు వైపు తిప్పాడు.

"ఏం కనబడతాంది?"

"చిమ్నీ."

"దాని కింద?"

"సిలువ."

"ఇట్టా తిరుగు. ట్యాంకు యాడుంది, టవరు యాడుంది?"

ట్యాంకు నెత్తిన టవరు ఉంది.

"పడవ పది బారలు జరిగితే సిలువ పక్కకు పోతాది. ఇంకో పది బారలు జరిగితే టవరు పక్కకు పోతాది. ఒక జతకు ఒక గీత, రెండు జతలకు రెండు గీతలు. సదువుకున్నోడివి గదా, రెండు గీతలు ఎన్ని చోట్ల కలుస్తాయి?"

"ఒక్క చోట."

"అదే ఇది."

పోయిన వారం ఆయన దండం పెట్టుకోలేదు. ఒడ్డును చదువుకున్నాడు. ఈ తీరంలో పడవ నడిపే ప్రతివాడికీ ఆ చదువు వచ్చు. నేను చోటు వివరాలు ఫైలు లోపల చెరిపి, ఫోటో పైన ఫోకస్ చేసి మరీ పెట్టాను. అదీ చాలక, కింద ఒకాయన విడమరిచి చెబితే ఆయనకు కృతజ్ఞతలు కూడా చెప్పాను.

"ఇప్పుడే తీసేస్తానన్నా," అన్నాను, ఫోను బయటికి తీసి. సిగ్నల్ లేదు.

"తీసెయ్," అన్నాడు బావమరిది. "అట్నే ఆ ఏడు పడవల తలకాయల్లోంచి కూడా తీసెయ్."

ఆ రోజు మా పడవకు మూడు చేపలు పడ్డాయి. అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దారి పొడుగునా ఆయన ఏదైనా అంటే బాగుండునని ఎదురు చూశాను. ఆయనకు బదులు ఒడ్డున అక్క అంది.

"ఏం సారూ, నీకు తొమ్మిది వేల మంది, మాకు ఏడు పడవలు. బాగుండాది పంపకం."

"తప్పైపోయిందక్కా. ఫోటోలు తీసేశాను." ఒడ్డుకు రాగానే మొదట చేసిన పని అదే.

"ఎందుకు తీసేసినావు? చూసేది చూసినారు." ఆమె చేపల బుట్ట దించి, చీర చెంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు ఏం పెడితే అది చూస్తారా ఆ తొమ్మిది వేల మందీ?"

"చూస్తారు."

"పక్క పాళెం వాళ్లు గూడా?"

"వాళ్లే ముందు చూస్తారు."

"అయితే ఇంకోటి పెట్టు."

ఆమె ఆలోచన ఇది. రాళ్లకు ఉత్తరాన రెండు కిలోమీటర్ల దూరంలో ఒట్టి బురద ఉంది. అక్కడ గాలం వేస్తే గాలమే పైకొస్తుంది. శనివారం ఆమె ఒక విందు కోసం కొని ఐసులో పెట్టిన రెండు పెద్ద వంజరాలున్నాయి. రాళ్ల దగ్గర ఎప్పుడూ పడనంత పెద్దవి. విందు వాయిదా పడింది. ఆ రెంటినీ బురద మీదికి తీసుకుపోయి, చేతిలో పట్టుకుని, వెనక ఒడ్డు స్పష్టంగా కనబడేలా ఫోటో తీయాలి.

అన్న ఒప్పుకోలేదు. "సముద్రం మీద అబద్ధమాడగూడదే."

"నిన్నెవురు ఆడమన్నారు? నువ్వు నోరు తెరవొద్దు. ఈ సారును ఏమీ రాయొద్దని చెప్పు. చేప చేపే, ఒడ్డు ఒడ్డే. దాంట్లో అబద్ధం యాడుండాది?"

ఇద్దరం వెతికాం. కనబడలేదు. కానీ ఉందని ఇద్దరికీ తెలుసు.

సోమవారం సెలవు పెట్టాను. కారణం అనే గడిలో 'కుటుంబ పని' అని రాశాను. బురద దగ్గరికి పోయాక అక్కడినుంచి చూస్తే చిమ్నీ కిందకి సిలువకు బదులు ఐసు ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కొస వచ్చింది. ట్యాంకు మీంచి టవరు తప్పుకుంది, దాని వెనకకు ఒక తాటిచెట్ల గుంపు వచ్చింది. రెండు గీతలకూ సరిపడా సామాను దొరికింది. నేను చిమ్నీని షెడ్డు కొస మీద కుదర్చడానికి అన్నచేత పడవను పదకొండు సార్లు ముందుకూ వెనక్కూ జరిపించాను.

"రాళ్ల కాడ గూడా ఇంత తిప్పలు పడలా నేను," అన్నాడు అన్న.

బావమరిది చేపకు అంటిన ఐసు తుడిచి, సముద్రం నీళ్లతో కడిగి, గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

"నవ్వు," అన్నాను.

"మొన్న చచ్చిన చేపను పట్టుకుని ఎట్టా నవ్వేది?"

"ఇప్పుడే పడిందనుకో."

"ఇప్పుడే పడుంటే అది ఎగరతా ఉంటాది. నేను కెమెరాకు నవ్వతా ఉండను, దాన్ని అణచతా ఉంటా."

అయినా నవ్వాడు. ఆ ఫోటో మొదటిదానికన్నా బాగా వచ్చిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూసి జీతం తీసుకునేవాడిని, చేతులారా ఒక దొంగ రీడింగు తయారుచేసి, దాని అంచులు కూడా సరిచేశాను. సాయంత్రం ఆరింటికి పెట్టాను. పైన ఒకే మాట రాశాను: 'ఉదయం'. అది మాత్రం నిజం.

రాత్రి పడుకునే లోపు లైకులు నాలుగు వేలు దాటాయి. పసుపు చిలక పడవ కోసం కామెంట్లన్నీ జల్లెడ పట్టాను. ఏమీ రాయలేదు. ఆయన చూశాడో లేదో తెలియలేదు. అన్నకు ఫోన్ చేసి ఆ మాటే చెబితే, "రేపు నువ్వూ రా. రాళ్లు మిగిలినా పోయినా నీ కళ్లతోనే చూద్దువు," అన్నాడు.

మంగళవారం కూడా 'కుటుంబ పని' మీదే సెలవు పెట్టాను. మేం కావాలనే ఉత్తరం వైపునుంచి చుట్టి వెళ్లాం. బురద మీద పడవలు గుంపుగా ఉన్నాయి. అన్న తల తిప్పలేదు. బావమరిది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టాడు. ఆరు.

"ఏడోది?" అన్నాడు అన్న.

ఏడోది రాళ్ల మీద ఉంది. పసుపు చిలక నీళ్ల మీద మెల్లగా తల ఊపుతోంది. పెద్దాయన ఒక్కడే తాడు దించుకుని కూచున్నాడు. మమ్మల్ని చూసి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను పలకరించినట్టు పలకరించాడు.

"రా తమ్ముడా. నీకోసమే చూస్తాండా."

ఆ పిలుపు నాకు. అడగాల్సింది అన్నే అడిగాడు.

"నువ్వు ఆడికి పోలేదా?"

"చేప కన్ను చూసినా," అన్నాడు పెద్దాయన. "తెల్లబడి గుంట పడింది. రెండు రోజులు ఐసులో పండుకున్న కన్ను అది. ఏం తమ్ముడా, ఐసు పెట్టెలోంచి దూకి ఈదతాంటే పట్టుకున్నారా?"

నేను ఆ ఫోటోను పెద్దది చేసి గంటసేపు సరిచేశాను. చిమ్నీ చూశాను, షెడ్డు చూశాను, బావమరిది పళ్లు కూడా చూశాను. కన్ను చూడలేదు. నాలుగు వేల మంది లైకు కొట్టినవాళ్లూ చూడలేదు. ఈయన ఒక్కడే చూసి, లైకు కొట్టలేదు.

"మరి మీవాళ్లకు చెప్పలేదే?" అన్నాడు అన్న.

"మొదటిసారి మాత్రం నేను చెప్పినానా? నా మటుకు నేను ఈ తమ్ముడికి థ్యాంక్స్ చెప్పినా. ఈయన దాన్ని ఊరంతా చదివేట్టు నెత్తిన కట్టినాడు. అది చదివి వచ్చినారు ఆరుగురూ." తాడును వేలికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. "ఆదివారం సాయంత్రం మా పాళెంలో అందరికీ చెప్పినా, ఆ రాళ్లు ఉత్తవి, ఏడు పడవలకు కలిపి గంపెడు గూడా పడలా, నేనింక పోనని. నిన్న మీ ఫోటో వచ్చి నా మాటను నిజం చేసింది."

అన్న ఒడ్డు వైపు తిరిగి సిలువనూ టవరునూ ఒకసారి చూసుకున్నాడు. ఇద్దరి మధ్యా నీళ్లు పడవల పక్కలు తడుతున్నాయి.

"నీ కొడుకులకు చెప్పకుండా ఉంటావా?" అన్నాడు చివరికి అన్న.

"వాళ్లిద్దరూ ఇప్పుడు ఆ బురద మీదే ఉండారు."

అన్న నవ్వాడు. రెండు రోజుల తర్వాత ఆయన నవ్వు వినడం. నవ్వుతూనే బావమరిదికి సైగ చేశాడు. లంగరు ఉత్తరం పక్క పడింది. పెద్దాయన తన పడవను కాస్త దక్షిణానికి జరుపుకున్నాడు. అంతకుమించి ఒప్పందం ఏమీ రాసుకోలేదు.

ఆ రెండో ఫోటోను నేను వారం తిరక్కుండా తీసేశాను. పేజీలో ఇప్పుడు చేపలున్నాయి, చేతులున్నాయి, తాళ్లున్నాయి. వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు. ఫాలోవర్లు కొందరు వెళ్లిపోయారు, కొందరు వచ్చారు. స్ప్రెడ్‌షీట్ పాతదే, కాకపోతే ఒక గడి చేర్చాను, ఆదివారాలు మాత్రమే నింపేది. ఆ తర్వాత ఇప్పటిదాకా పది ఆదివారాలు వెళ్లాను. రాళ్ల మీద పడవలు: రెండు.